తుఫాను వస్తుందో రాదో తెలియనప్పుడు: నిర్ణయం తీసుకునే దారులు, ఏది ఎప్పుడు పనికొస్తుంది

"ఎండ ఇంత బాగా కాస్తుంటే తుఫానేంటి మాస్టారూ?"

సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊళ్లో హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసినన్నాళ్లూ ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. మా బడే ఊరికి పునరావాస కేంద్రం. అందుకని వాయుగుండం పేరు వినపడగానే సర్పంచ్, వీఆర్వో, నేను బడి వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. ఫోన్లో వాతావరణ శాఖ పంపిన మ్యాపు ఉండేది. తుఫాను ఎటు పోవచ్చో చూపించే ఆ గరాటు ఆకారానికి ఒక అంచు నెల్లూరు, ఇంకో అంచు కాకినాడ. మధ్యలో ఎక్కడో మా ఊరు. అడుగు తీసి అడుగేస్తే సముద్రం ఉన్న పల్లెపాలెంలో ఆరు వందల మంది. వాళ్లని ఇప్పుడే కదిలించాలా? రాత్రి బులెటిన్ దాకా చూడాలా?

ఇలాంటి చోట కూర్చున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మీరు సర్పంచ్ కావచ్చు, ఆసుపత్రి సూపరింటెండెంట్ కావచ్చు, ఫ్యాక్టరీ మేనేజర్ కావచ్చు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ కావచ్చు. నేను చెప్పే ఉదాహరణలన్నీ తుఫానులవీ వరదలవీ. మనవాళ్లకి బాగా తెలిసిన ఆపదలు అవే, నేను దగ్గరగా చూసినవీ అవే.

ముందుగా ఒక తేడా చెప్పాలి. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఆరింట ఒకటని మనకు తెలుసు. అలాంటి చోట లెక్క కట్టి నిర్ణయం తీసుకోవచ్చు. అసలు ఆ పాచికకి ఎన్ని ముఖాలున్నాయో కూడా తెలియకపోతే? ఈ రెండూ వేర్వేరు పరిస్థితులని ఫ్రాంక్ నైట్ అనే ఆర్థికవేత్త 1921లోనే విడదీసి చెప్పాడు. ఆపదలో నాయకుడి ముందున్నది ఎక్కువగా ఆ రెండోది. దాన్ని మొదటిదనుకుని "ఎంత శాతం ఛాన్స్ ఉంది చెప్పండి" అంటూ కూర్చుంటే గంటలు గడిచిపోతాయి.

మొదటి దారి: అంచనా తేలేదాకా ఆగడం

అందరికీ మొదట తోచేది ఇదే. తప్పుపట్టడానికి కూడా లేదు. ఆగితే సమాచారం మెరుగవుతుంది. తుఫాను తీరానికి దగ్గరయ్యే కొద్దీ గరాటు సన్నబడుతుంది, బులెటిన్లు మూడు గంటలకోసారి వస్తాయి. ఆగినందువల్ల పోయేదేమీ లేనప్పుడు ఆగడమే మంచిది.

చిక్కంతా ఆ "పోయేదేమీ లేనప్పుడు" దగ్గరే ఉంది. మా పల్లెపాలెం లెక్కే చూడండి. ట్రాక్టర్ ట్రక్కులో పిల్లాపాపల్నీ మూటల్నీ ఎక్కిస్తే పాతిక మంది పడతారు. ఆరు వందల మందికి ఇరవై నాలుగు ట్రిప్పులు. ఎక్కించి, తీసుకొచ్చి, దించి, తిరిగి వెళ్లడానికి నలభై నిమిషాలు. ఒక్క ట్రాక్టరుతో అయితే 16 గంటలు. మూడు దొరికితే అయిదు గంటల ఇరవై నిమిషాలు, అదీ ఎక్కడా టైరు పంచరు కాకపోతే. తుఫాను రాత్రి పదకొండుకు తీరం దాటుతుందని చెప్పారనుకోండి. సాయంత్రం అయిదుకల్లా ఈదురుగాలులు మొదలవుతాయి. కరెంటు తీసేస్తారు. దారిలో ఒక్క తాడిచెట్టు పడితే ఆ రోడ్డు ఇక లేనట్టే. అంటే పని సాయంత్రం నాలుగున్నరకి ముగియాలి. పొద్దున పదకొండుకు బయల్దేరాలి. రానని మొండికేసేవాళ్లని ఒప్పించడానికి ఇంకో గంట, కాబట్టి పదింటికి మైకు మోగాలి. ఆ పదింటికి బయట ఎండ చుర్రుమంటూ ఉంటుంది.

అందుకే "తుఫాను ఎప్పుడు వస్తుంది" అన్న ప్రశ్న కన్నా ముందు "దారి ఎప్పుడు మూసుకుపోతుంది" అని అడగాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటూ రావాలి. ఆ లెక్కలో మీకు ఇంకా సమయం మిగిలితే నిశ్చింతగా ఆగండి. మిగలకపోతే ఆగడం కూడా ఒక నిర్ణయమే. "పల్లెపాలెం వాళ్లు ఉన్నచోటే ఉంటారు" అని తేల్చేసినట్టే.

రెండో దారి: అతి చెడ్డది జరుగుతుందనుకుని కదలడం

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు పది వేల మంది పోయారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఇప్పటికీ ఆ రాత్రి పేరు చెబితే పెద్దవాళ్లు మాట ఆపేస్తారు. 1990 మే నెలలో మళ్లీ కృష్ణా తీరానికే పెను తుఫాను వచ్చింది. ఈసారి ముందుగానే లక్షన్నర మందికి పైగా తరలించారు. మరణాలు వెయ్యిలోపు ఆగాయి. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్ దాదాపు పది వేల మందిని బలి తీసుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటే ముందు పది లక్షల మంది దాకా కదిలారు, ప్రాణనష్టం పదుల్లోనే ఉంది. ఈ దారి ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దీనికీ ఖరీదుంది. అదే 2013 నవంబరు 22న హెలెన్ మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. వారం తిరక్కుండా లెహర్ పేరుతో ఇంకోటి బయల్దేరింది. జనం మళ్లీ మూటలు కట్టుకున్నారు. తీరా 28న అది బలహీనపడి వాయుగుండంగా వచ్చి పోయింది. 2021 డిసెంబరులో జవాద్ అయితే ఉత్తరాంధ్రని హడలెత్తించి, సముద్రంలోనే చల్లబడి ఒడిశా వైపు తిరిగిపోయింది. ఇలా రెండుసార్లు జరిగాక మూడోసారి మైకు పట్టుకుని వెళ్తే ఎవరు వింటారు?

ఇంకో సంగతి. కదిలించడమే కొన్నిసార్లు ప్రాణాలు తీస్తుంది. మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న హ్యూస్టన్ సంగతి చూడండి. 2005లో రీటా హరికేన్ వస్తోందని లక్షల మంది ఒక్కసారిగా హైవేల మీదికి వచ్చారు. ట్రాఫిక్‌లో, ఎండలో, ప్రమాదాల్లో పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వృద్ధాశ్రమం నుంచి తీసుకెళ్తున్న ఒక బస్సు తగలబడి 23 మంది కాలిపోయారు. 2017లో హార్వీ వచ్చినప్పుడు అక్కడి మేయర్ నగరాన్ని ఖాళీ చేయించలేదు. ఊరు మునిగింది, విమర్శలూ వచ్చాయి. అయినా ఆయన అలా ఆలోచించడానికి రీటా ఒక గట్టి కారణం. ఆరు వందల మంది పల్లెకి సరిపోయే దారి అరవై లక్షలకు పైగా జనం ఉన్న మహానగర ప్రాంతానికి సరిపోకపోవచ్చు.

పైగా "అతి చెడ్డది" అంటే ఏమిటో మనం ఊహించుకున్నదే నిజమవ్వాలని లేదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అందరి కళ్లూ సముద్రం మీదే ఉన్నాయి. ఒడిశాలో ఎక్కువ ప్రాణాలు పోయింది మాత్రం తీరానికి దూరంగా ఉన్న గజపతి జిల్లా కొండల్లో, వానకి విరిగిపడిన కొండచరియల కింద. అందుకే ఈ దారి పట్టేవాళ్లు "ఇంకే వైపు నుంచి రావచ్చు?" అని కనీసం ఒక్కరినైనా అడగాలి. సముద్రం వైపు చూస్తున్న గుంపులో కొండ వైపు చూసే మనిషి ఒకడుండాలి.

మూడో దారి: ఏ తప్పు చేస్తే తక్కువ బాధపడతామో చూడటం

లెనార్డ్ సావేజ్ అనే గణాంక శాస్త్రవేత్త 1951లో దీనికి లెక్క రూపం ఇచ్చాడు. దానికి మన మాటల్లో పెద్ద గణితం అక్కర్లేదు. కదిలించాం, తుఫాను రాలేదు. ఏం పోయింది? ఆరు వందల మందికి ఒక రోజు కూలి, రెండు పూటల భోజనం, ట్రాక్టర్ల డీజిలు, నాలుగు మాటలు. కదిలించలేదు, ఉప్పెన వచ్చింది. ఏం పోయింది? ఆ జవాబు దివిసీమ చెప్పింది. ఎంత శాతం అవకాశం ఉందో తెలియకపోయినా ఈ రెండు తప్పుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది భరించగలమో తెలిసిపోతుంది.

అంత తేలికైతే నాయకులు ఎందుకు తటపటాయిస్తారు? నేను చాలాసార్లు ఆలోచించాను. ఊరి నష్టం వేరు, నిర్ణయం తీసుకున్న మనిషి నష్టం వేరు. అనవసరంగా కదిలిస్తే తెల్లారేసరికి తిట్లు ఆయన పేరు మీదే పడతాయి. కదిలించకుండా ఆపద వస్తే అది "ప్రకృతి విపత్తు" అయిపోతుంది, అందరి ఖాతాలోకీ పోతుంది. కాబట్టి మనిషి తనకి తెలియకుండానే ఊరి బాధకి బదులు తన బాధని లెక్క పెడతాడు. నేనూ ఒకసారి అలా చేశాను. వరుసగా రెండు తప్పుడు హెచ్చరికల తర్వాత, మూడోసారి మైకు బండి పంపడానికి మధ్యాహ్నం దాకా తాత్సారం చేశాను. కారణం గాలి లెక్క కాదు, టీ కొట్టు దగ్గర ఏమంటారో అన్న బెరుకు. ఆ రోజు గాలి మా వైపు రాలేదు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత నుంచి ఒక కాగితం తీసుకుని రెండు గడులు గీసేవాణ్ణి. ఒకదానిలో ఊరికి పోయేది, రెండోదానిలో నాకు పోయేది. రెండో గడి కనిపిస్తేనే దాన్ని పక్కన పెట్టగలం.

మీ పైన ఒక అధికారి ఉండి, మీరు కింద నిర్ణయించాల్సిన వాళ్లయితే, ఆ అధికారి చేత ముందే ఒక మాట చెప్పించుకోండి: "ముందుగా కదిలించి పొరబడితే ఆ మాట నేను పడతాను." మీరే పై అధికారి అయితే కింది వాళ్లతో ఆ మాట మీరే అనండి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ ఒక్క మాట లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

నాలుగో దారి: మెట్లు ముందే కట్టుకోవడం

నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్నది దీని మీదే. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఊరివాళ్లని నిద్రలో లేపి అడిగినా ఈ అంకెలు చెబుతారు. నీళ్లు ఎంత వస్తాయో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఏ అడుగు దగ్గర ఏం చేయాలో మాత్రం మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయమైపోయింది. టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ సమయంలో కొత్తగా ఆలోచించాల్సిన పని తగ్గుతుంది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన నది అది. అలాంటి చోట బతకడానికి ఇదే దారి.

దీన్ని 2024 సెప్టెంబరు 1 నాటి విజయవాడతో పోల్చి చూడండి. బుడమేరు పొంగింది, డైవర్షన్ ఛానల్‌కి గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ ఇళ్లు మునిగాయి. ఒకటి రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద. కృష్ణకి బ్యారేజీ దగ్గర హెచ్చరిక అంకెలున్నాయి. నాకు తెలిసినంతలో బుడమేరుకి అలా ఇంటింటికీ తెలిసిన అంకె లేదు. ఎంత నీరొస్తే బీరువా మీది సామాను చూడటం మానేసి పిల్లల్ని తీసుకుని మేడ ఎక్కాలో చెప్పే మెట్టు లేదు. పెద్ద నదికి ఉన్న క్రమశిక్షణ చిన్న ఏరుకీ కావాలి.

మీ సంస్థకి మెట్లు కట్టుకోవాలంటే మూడు విషయాలు చూసుకోండి. కొలిచేది ఎవరి కంటికైనా కనిపించేది కావాలి: వంతెన స్తంభం మీద ఎర్ర గీత, ఆసుపత్రి జనరేటర్‌లో మిగిలిన డీజిలు, వాతావరణ శాఖ ఇచ్చే ఎల్లో, ఆరెంజ్, రెడ్ రంగు. ప్రతి మెట్టుకీ పని పక్కనే రాసి ఉండాలి, "అప్రమత్తంగా ఉండాలి" అన్న మాట పని కిందికి రాదు. "ఆరెంజ్ రాగానే బియ్యం, నీళ్ల ట్యాంకరు, రెండు ట్రాక్టర్లు బడి దగ్గరికి" అని రాస్తే అది పని. మూడోది, ఆ పని చేసే మనిషి పేరు, ఆయన లేకపోతే ఎవరో ఆ పేరు.

దీని బలహీనత కూడా చెప్పాలి. మెట్టు దగ్గరికి వచ్చాక బేరం మొదలవుతుంది. "ఇంకో అర అడుగు చూద్దాం, పైన వాన తగ్గిందంటున్నారు." ఒక్కసారి బేరానికి ఒప్పుకుంటే మెట్లన్నీ కూలినట్టే. అలాగే కొలిచే పరికరమే పాడవచ్చు, ఫోన్ టవర్ పడిపోవచ్చు. అందుకని ఒక మెట్టు ఇలా రాసుకోండి: "రెండు గంటలపాటు ఏ సమాచారమూ రాకపోతే, తర్వాతి మెట్టు దాటినట్టే లెక్క." కబురు లేకపోవడం మంచి కబురని అనుకోవడం చాలా ప్రమాదం.

అనుభవం సంగతి

"మా తాతల నాటి నుంచి ఈ గడప నీళ్లు తొక్కలేదు" అనే పెద్దాయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆయన్ని తీసిపారేయకండి. ఏ కాలువ ముందు పొంగుతుందో, ఏ గట్టు మెత్తనో ఆయనకి తెలిసినంత మ్యాపుకి తెలియదు. కానీ ఆయన జ్ఞాపకంలో లేనిది వచ్చే రోజు ఆయన మాటే ఊరిని ముంచుతుంది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చి, కర్నూలు మునిగినప్పుడు అది ఎవరి అనుభవంలోనూ లేని నీరు. ఆ రోజుల్లో దిగువన నాగార్జునసాగర్‌లో కొంత ఖాళీ ఉండబట్టే వరదని కొంత పట్టి ఉంచి, ప్రకాశం బ్యారేజీకి తగ్గించి వదలగలిగారు. అనుభవాన్ని "ఎక్కడ, ఎలా" అన్న ప్రశ్నలకి వాడుకోండి. "వస్తుందా, రాదా" అన్నదానికి వద్దు. ఆ సాగర్ లాంటి ఖాళీ మీ దగ్గరా కొంత ఉంచుకోండి: పని అప్పగించని ఇద్దరు మనుషులు, వాడని ఒక గది, నిండుగా ఉన్న ఒక ట్యాంకు.

మరి మీకు ఏది?

రెండు ప్రశ్నలకి జవాబు రాసుకుంటే దారి దానంతటదే కనిపిస్తుంది. ఇప్పుడు చేసేది తప్పని తేలితే వెనక్కి తిప్పుకోగలమా? దారి మూసుకుపోయేలోగా ఈ పని ముగుస్తుందా?

వెనక్కి తిప్పుకోగలిగే పనులు, అంటే బడికి సెలవు ఇవ్వడం, ఆఫీసు వాళ్లని ఇంటి నుంచి పనిచేయమనడం, పడవల్ని వేటకి వెళ్లకుండా ఆపడం, సెల్లార్‌లో కార్లు పైకి తీయించడం, వీటికి చర్చ అనవసరం. అనుమానం రాగానే చేసేయండి. ఆరు వందల మందిని తరలించడం వాళ్లకి కష్టమే, కానీ మర్నాడు ఇంటికి తిరిగి పంపవచ్చు. అందుకే సమయం లెక్క బిగుసుకున్న క్షణాన రెండో దారి పట్టండి. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగి సంగతి వేరు. కదిలించడమే ప్రమాదం, తిరిగి తేవడం ఇంకా ప్రమాదం. అక్కడ మొదట ఉన్నచోటనే కాపాడే ఏర్పాటు చూడాలి: జనరేటర్ కింది అంతస్తులో ఉంటే పైకి, ఆక్సిజన్ నిల్వ రెట్టింపు. తరలింపుకి ఒక మెట్టు పెట్టుకుని, అది వచ్చేదాకా ఆగాలి. లక్షల మంది ఉన్న నగరాన్ని మొత్తంగా ఖాళీ చేయించే ఆలోచన కన్నా, మునిగే వీధుల్ని ముందే గుర్తించి వాటినే కదిలించడం మేలు.

జనానికి ఎలా చెప్పాలి

ఇది నిర్ణయంలో సగం. తెలియనిది తెలియదని చెబితే జనం భయపడిపోతారని చాలామంది నాయకులు అనుకుంటారు. నేను చూసింది వేరు. "తుఫాను ఖాయంగా మన ఊరికే వస్తోంది" అని చెప్పి, రాకపోతే నమ్మకం పోతుంది. చివరికి మేం మైకులో చెప్పడం మొదలుపెట్టిన మాట ఇది: "తుఫాను మన ఊరికి రావచ్చు, పక్క జిల్లాకి పోవచ్చు. ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. వస్తే సాయంత్రానికి మన రోడ్డు ఉండదు. అందుకని ఇప్పుడే కదులుతున్నాం. రాకపోతే రేపు పొద్దున్నే ఇళ్లకి తీసుకెళ్లి దించుతాం. మళ్లీ మధ్యాహ్నం రెండింటికి కబురు చెబుతాం." రెండింటికి కొత్త కబురేమీ లేకపోయినా మైకు మోగించేవాళ్లం. చెప్పిన సమయానికి చెప్పడమే సగం ధైర్యం.

ఇక వచ్చినవాళ్లని ఎలా చూశామన్నది మర్చిపోకూడదు. పల్లెపాలెంలో ఒక మామ్మ ఎంత చెప్పినా కదల్లేదు. "నేనొస్తే గేదెకి కుడితి ఎవరు పెడతారు బాబూ? అది చూడి గేదె" అంది. ప్రాణం ముఖ్యమా, గేదె ముఖ్యమా అని వీఆర్వో గట్టిగా అడిగాడు. ఆవిడ గడపలో కూర్చుని ఆ పలుపుతాడు చేతికి చుట్టుకుంటూ ఏమీ మాట్లాడలేదు. ఆ ఇంటికి ఆ గేదె పాలే ఆధారం. మూర్ఖత్వమనుకున్నాం కానీ ఆవిడ తన లెక్క తాను వేసుకుంది, మా లెక్కలో గేదె లేదు. ఆ మరుసటి ఏడాది నుంచి బడి ఆటస్థలంలో మెరకన వాసాలు పాతించి, గడ్డి వేయించి, పశువుల్ని కూడా తెమ్మన్నాం. ట్రాక్టర్ల కంటే ముందు కాలినడకన గేదెల్ని తోలుకుంటూ జనం వచ్చారు. రానివాళ్లని మొండివాళ్లు అనేముందు వాళ్ల లెక్కలో ఏముందో అడగండి.

చివరిగా, ఇళ్లకి పంపడం గురించి. ఇదీ నిర్ణయమే. చాలామంది దీన్ని అలసటతో తీసుకుంటారు. తుఫాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు మధ్యాహ్నం అలాంటి విరామమే వచ్చింది. ఆ తర్వాత గాలి ఎదుటి వైపు నుంచి మళ్లీ అందుకుంది. అయిపోయిందనుకుని గేటు తీస్తే జనం రేకులు చూసుకోవడానికి రోడ్డెక్కుతారు. అందుకే మా బడి గేటు తాళానికి కూడా ఒక మెట్టు రాసుకున్నాం: గాలి ఆగినందుకు తీయకూడదు. వాతావరణ శాఖ తుఫాను దాటిపోయిందని చెప్పాలి, లైన్‌మన్ వచ్చి తెగిన కరెంటు తీగలు చూడాలి, ఒక మనిషి సైకిల్ మీద పల్లెపాలెం దాకా వెళ్లి దారి చూసి రావాలి. ఆ మూడూ అయ్యాకే తాళం.